కాలిన ఇల్లు, లేచిన గోడ



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరకనే అనలేదు. వికారాబాదు, తాండూరు ప్రాంతములలో ఇల్లు కట్టుట ఎంత శ్రమయో మీకు చెప్పనక్కరలేదు. గనులనుండి బండలు తేవలెను. దూలములు సంపాదింపవలెను. మట్టి తొక్కవలెను. చేతిలో పైకము చాలకపోయిన అప్పు చేయవలెను. తండ్రి గోడ లేపగా కొడుకు కప్పు వేసిన ఇండ్లు మన ఊళ్లలో ఎన్నియో కలవు. అటువంటి ఇంటిని యుద్ధము ఒక్క సాయంకాలమున బూడిద చేయగలదు.

యుద్ధము ముగిసిన దినమున ఏలికలు పత్రములమీద చేవ్రాలు చేయుదురు. పత్రికలు జయాపజయములను ప్రకటించును. కాని ఇల్లు పోగొట్టుకొన్న వానికి ఆ దినమున యుద్ధము ముగియదు. భార్యాబిడ్డల తలలమీదికి మరల ఒక కప్పు వచ్చి, ఆ కప్పు క్రింద భయము లేక నిద్రపోయిన రాత్రియే అతనికి యుద్ధము ముగిసినట్లు. ఆ కప్పు ఎవరు వేయవలెను? ప్రభుత్వము వేయవలెనా, పోగొట్టుకొన్నవాడే తంటాలు పడవలెనా, పొరుగువాడు సాయము రావలెనా? ఈ ప్రశ్న దూరదేశములలో పుట్టినదే కాదు, మన ప్రాంతములోను పుట్టినది. కాబట్టి మీరు కొంచెము ఓపికతో ఈ చరిత్రను వినుడి.

రాజు ఇచ్చిన మ్రానులు

మీరు బాగుగా ఎరిగిన కథతోనే మొదలుపెట్టుదము. యెరూషలేము బబులోనువారి చేత కాల్చబడిన నూటనలుబది యేండ్ల తరువాత, క్రీస్తుపూర్వము 445 ప్రాంతమున, పారసీక రాజైన అర్తహషస్త నెహెమ్యాకు సెలవిచ్చి పంపెను. వట్టి సెలవు మాత్రమే కాదు. దారిలోని అధికారులకు తాకీదులు ఇచ్చెను. దూలములకు మ్రాను ఇవ్వవలెనని అడవులను కాయు ఆసాపునకు ఉత్తరము వ్రాసి ఇచ్చెను. కూలిన పట్టణమును తిరిగి కట్టుటకు ప్రభుత్వము సామాను మంజూరు చేసిన సంగతి ఇంత పాతది.

అయితే మ్రాను వచ్చినంతనే పని తీరలేదు. అనేకులు ఎవరి ఇంటి యెదుట వారే గోడ కట్టుకొనిరి. గోడ లేచిన తరువాత చూడగా, పట్టణము విశాలముగా ఉన్నది గాని లోపల ఇండ్లు కట్టబడలేదు. అంతకు ముందే ఇంకొక మొర వినవచ్చెను. కరవు కాలమున ధాన్యము కొరకు, రాజుకు కట్టవలసిన పన్ను కొరకు, బీదలు పొలములను ఇండ్లను తమ సహోదరులకే కుదువ పెట్టియుండిరి. నెహెమ్యా కోపపడి పెద్దలను సమాజము యెదుట నిలిపి, తీసికొన్న ఇండ్లను ఆ దినముననే తిరిగి ఇప్పించెను.

ఇందులో మూడు సంగతులు గమనింపుడి. మొదటిది సామాను, అది రాజు ఇచ్చెను. రెండవది చేతులు; అవి జనులవి. మూడవది హక్కు, "ఈ ఇల్లు నీది" అని పదిమందిలో చెప్పుట. ఏ దేశములోనైనను, ఏ యుద్ధము తరువాతనైనను ఈ మూడును కూడినప్పుడే ఇల్లు నిలిచినది. ఒకటి తప్పినచోట గోడలు లేచినను జనులు నిలువలేదు.

దూర దేశముల సంగతి

మొదటి ప్రపంచ యుద్ధము 1918లో ముగిసినప్పుడు, బ్రిటను దేశపు ప్రధానమంత్రి లాయిడ్ జార్జి సిపాయిలకు తగిన ఇండ్లు కట్టించెదమని చెప్పెను. 1919లో అడిసన్ అను మంత్రి ఒక చట్టము తెచ్చెను. మూడేండ్లలో 5 లక్షల ఇండ్లు కట్టవలెనని తలంచిరి. ఖజానాలో డబ్బు తరుగగా 1921లోనే ఆ పని కుదించివేసిరి. తుదకు లెక్క చూడగా రెండు లక్షలకు కొంచెము మించి ఇండ్లు మాత్రమే లేచెను. అయినను అది వ్యర్థము కాలేదు. బీదవానికి ఇల్లు ఏర్పరచుట ప్రభుత్వపు బాధ్యత అను మాట ఆ దేశమున అప్పుడు వేరూనెను. రెండవ యుద్ధము తరువాత అదే ప్రభుత్వము కార్ఖానాలలో గోడలు కప్పులు తయారుచేయించి, తెచ్చి నిలబెట్టి, దాదాపు 1,56,000 తాత్కాలికపు ఇండ్లు ఇచ్చెను. పదేండ్లు నిలిచిన చాలునని కట్టిన వాటిలో అనేకము అంతకు ఎన్నో యేండ్లు మించి కాపురములను మోసినవి.

జర్మనీ సంగతి ఇంకను వింతయైనది. పశ్చిమ జర్మనీలో పట్టణములు బాంబులచేత నేలమట్టమై యుండగా, తూర్పునుండి తరుమబడిన దాదాపు 80 లక్షల జనులు 1950 నాటికి అక్కడ చేరిరి. అప్పుడు ఆ ప్రభుత్వము 1950లో గృహనిర్మాణ చట్టమును, 1952లో భారము పంచుకొను చట్టమును చేసెను. ఈ రెండవ చట్టము ప్రకారము, యుద్ధములో ఆస్తి మిగిలినవారు 1948 నాటి తమ ఆస్తి విలువలో సగము భాగము లెక్కగట్టి, ముప్పదియేండ్ల పాటు వాయిదాలుగా ఇవ్వవలెను. ఆ సొమ్ముతో పోగొట్టుకొన్నవారిని నిలబెట్టవలెను. ఇల్లు నిలిచినవాడు ఇల్లు కూలినవానికి ఋణస్థుడని ఒక దేశము చట్టములోనే వ్రాసికొన్నది. ఆ లెక్క మన ఊళ్లకు వేసి చూడుడి. వాడలో సగము కాలి సగము మిగిలినయెడల, మిగిలిన ఇంటివాడు "దేవుడు నన్ను కాచెను" అని చేతులు ముడుచుకొని కూర్చుండుట సరిపోవునా?

మన దేశమున 1947

1947లో దేశము రెండు ముక్కలైనప్పుడు కోటికి మించిన జనులు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు, ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు నడిచిరి. ఆ యేడు సెప్టెంబరులోనే భారత ప్రభుత్వము సహాయ పునరావాసముల కొరకు ప్రత్యేకముగా ఒక మంత్రిత్వ శాఖను నెలకొల్పెను. కురుక్షేత్రములో డేరాల పట్టణము ఒకటి వెలసెను.

అక్కడి జనులలో వాయవ్య సరిహద్దునుండి వచ్చినవారు కొందరిని ఢిల్లీ దాపునున్న ఫరీదాబాదునకు పంపిరి. కొత్త పట్టణము కట్టుటకు రాజేంద్రప్రసాదుగారు అధ్యక్షులుగా ఒక మండలి ఏర్పడెను. అధికారులు గుత్తేదారుల చేత ఇండ్లు కట్టింపవలెననిరి. కమలాదేవి చట్టోపాధ్యాయగారి సహకార సంఘమువారు, "ఈ జనులు బిచ్చమెత్తుటకు రాలేదు, వీరి ఇండ్లను వీరినే కట్టుకొననిండు" అను పక్షమున నిలిచిరి. తుదకు దుకాణములలో కూర్చుండినవారును, ఎన్నడు తాపీ పట్టనివారును సహకార సంఘములుగా చేరి ఇటుక మోయుట నేర్చి గోడలు లేపిరి. కూలి వారి చేతికే వచ్చెను, ఇల్లును వారిదే ఆయెను.

హక్కు విషయమై ప్రభుత్వము రెండు చట్టములు చేసెను. పాకిస్తానునకు పోయినవారి ఇండ్లను పొలములను కస్టోడియను అను అధికారి వశము చేయునది 1950 నాటి చట్టము. ఆ ఆస్తులనుండి, పశ్చిమ పాకిస్తానులో ఆస్తి పోగొట్టుకొని వచ్చినవారికి నష్టపరిహారము ఇచ్చునది 1954 నాటి చట్టము. ఈ రెండవదానిలో ఒక మెలిక ఉన్నది. పోగొట్టుకొన్న ఆస్తిని కాగితములతోనో సాక్షులతోనో రుజువు చేసినవానికే పరిహారము. మరి దొరవారి స్థలములో గుడిసె వేసికొని బ్రతికిన కూలివాని మాటేమి? అతడు పోగొట్టుకొన్న గుడిసె ఏ దస్తావేజులోను లేదు. అప్పో సాయమో దొరికిన దొరికెను గాని పరిహారపు పట్టికలో అతని పేరు ఎక్కలేదు. ఈ మాట మన సంఘములలో అనేకులు జ్ఞాపకముంచుకొనవలసినది. కాగితము లేనివాని నష్టము ప్రభుత్వపు కంటికి ఆనదు.

మన ప్రాంతమున 1948

ఇప్పుడు మన గడప యొద్దకు వచ్చుదము. దేశము స్వతంత్రమైన తరువాత పదమూడు నెలలు హైదరాబాదు సంస్థానము విడిగా నిలిచెను. ఆ కాలమున కాసిం రజ్వీ నడిపిన రజాకార్లు ఊళ్లమీద పడిరి. పరకాల, భైరాన్‌పల్లి, బీదరు జిల్లాలోని గోరట వంటి ఊళ్ల పేర్లు నేటికిని కన్నీటితో తలంచబడుచున్నవి. అనేక కుటుంబములు ఇండ్లు విడిచి షోలాపూరు, కర్నూలు, బెజవాడ దిక్కులకు సరిహద్దు దాటిపోయెను.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము సంస్థానములో ప్రవేశించెను. షోలాపూరునుండి బయలుదేరిన ముఖ్య దండు నల్‌దుర్గు, హుమ్నాబాదు మీదుగా వికారాబాదునకు ఉత్తరముననున్న జహీరాబాదు దారిని వచ్చెను. 17వ తేదీన నిజాము ప్రభుత్వము లొంగిపోయెను. దీనిని పోలీసు చర్య అనిరి. యుద్ధము అయిదు దినములే. కాని ఆ తరువాత జరిగినది అయిదు దినములలో ముగియలేదు. రజాకార్లు చేసిన దానికి పగ తీర్చుకొనుటయను పేర, పశ్చిమ జిల్లాలలో వారితో ఏ సంబంధమును లేని ముసల్మాను కుటుంబములమీద అల్లరి మూకలు పడెను.

సంగతి తెలిసికొనుటకు భారత ప్రభుత్వము పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అను ముగ్గురిని పంపెను. వారు ఆ యేడు చివర సంస్థానములోని 16 జిల్లాలలో 9 తిరిగి, 109 గ్రామములకు చెందిన 500 మందికి మించిన జనులను విచారించిరి. మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు అని వ్రాసిరి. గుల్బర్గా మనకు పరాయి జిల్లా కాదు. తాండూరు, కొడంగలు తాలూకాలు 1956 వరకు ఆ జిల్లాలోనివే. ఆ యేడు నవంబరు 1న రాష్ట్రములు మారినప్పుడే అవి తెలుగు రాష్ట్రములో చేరినవి. పోలీసు చర్యలోను దాని తరువాతను 27,000 మొదలు 40,000 వరకు జనులు చనిపోయియుందురని వారి అంచనా. కొన్నిచోట్ల సైనికులును పోలీసులును దోపిడిలో చేరిరని కూడ దాచక వ్రాసిరి.

వారు చెప్పిన నేరముల పట్టికలో హత్యలు, దోపిడి, ఇండ్లు తగులబెట్టుటతో పాటు ఇంకొకటి కలదు. అది ఇండ్లను భూములను ఆక్రమించుట. కాలిన ఇంటికి ప్రభుత్వము కలప ఇచ్చి కప్పు వేయించవచ్చును. కాని కాలక నిలిచిన ఇంటిలో పొరుగువాడే పొయ్యి రాజేసికొని కూర్చుండిన, ఏ కలప దానిని బాగుచేయగలదు?

సర్కారు చేసినది, చేయలేనిది

సైనిక గవర్నరుగా జనరల్ చౌధురి 1949 చివర వరకు పరిపాలించెను. పారిపోయినవారిని తిరిగి ఊళ్లకు చేర్చుట, పశ్చిమ జిల్లాలలో పునరావాసము కల్పించుట ప్రభుత్వపు పనియైనది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారుల చట్టము వచ్చినవి. వికార్ ఉల్ ఉమ్రా పేర వెలసిన వికారాబాదు వంటి పైగా జాగీరు ఊళ్లలో ఏలిక మారిపోయెను. పాత కాగితములు మారి కొత్త కాగితములు వచ్చు కాలమది. ఊరిలో లేనివాని పేరు జారిపోవుట అటువంటి కాలముననే సులభము.

ఆ పైన పాకిస్తాను పోయినవారి ఆస్తుల చట్టము హైదరాబాదునకును వర్తించెను. అన్న కరాచీకి పోయి తమ్ముడు ఊరిలోనే నిలిచియుండిన, ఆ ఇంటిలో అన్నగారి పాలు కస్టోడియనుది. ఎవరి పాలు ఎంతయో విడదీయుటకు 1951లో వేరొక చట్టమే కావలసివచ్చెను. దేశము విడిచి పోవు తలంపు కలవాడని తోచినవానిని కూడ కొంతకాలము చట్టము అనుమానముతో చూచెను. ఆ భాగమును తరువాత తీసివేసిరి. 1954 మే 7 తరువాత కొత్తగా ఏ ఆస్తిని ఈ పట్టికలో చేర్చరాదని కట్టడి చేసిరి. ఊరిలోని కలతకు భయపడి హైదరాబాదు పట్టణమునకు చుట్టముల ఇంటికి పోయినవాడు వేరు, దేశమే విడిచిపోయినవాడు వేరు. ఆ భేదమును కచేరీలో కూర్చున్న అధికారి కాగితము చూచి చెప్పలేడు. ఊరివాడే సాక్ష్యము చెప్పవలెను.

ప్రభుత్వపు చేయి ఇల్లు నిలుపుట మాత్రమే కాదు, కదల్చుటయు కలదు. అదే కాలమున గోదావరి అడవులలో కమ్యూనిస్టు దళములకు అన్నము అందకుండ చేయుటకై కోయవారి గూడెములను ఖాళీ చేయించి, వారిని ఒకచోట శిబిరములలో ఉంచిరి. గుడిసె మారిన చాలునని అధికారులు తలంచిరి. అడవియు చేనును విడిచినవానికి గుడిసె ఇల్లు కాలేదు.

ఇంకొక లోపము ఉన్నది. సుందర్‌లాల్‌గారి నివేదికను ప్రభుత్వము ప్రచురింపలేదు. కొన్ని భాగములు పుస్తకములలోనికి ఎక్కినను, 2013లో గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయములో అది జనులు చూచుటకు వీలుకాలేదు. నష్టమును బాహాటముగా ఒప్పుకొనని చోట నష్టపోయినవాడు ఏ కచేరీకి పోయి ఏమని అడుగును? యెరూషలేములో నెహెమ్యా పెద్దలను సమాజము నడుమ నిలిపి అడిగెను. మన ప్రాంతములో ఆ సమాజము కూడకయే కాలము గడిచిపోయినది.

సాలెవారు నిలిచిన గడప

అయితే అదే నివేదికలో వెలుగు చూపు సంగతి ఒకటి కలదు. పలుచోట్ల హిందువులు తమ ముసల్మాను పొరుగువారిని కాపాడిరి. ముఖ్యముగా ఒకే వృత్తివారిలో ఈ ప్రేమ కనబడెను. హిందూ సాలెవారు ముసల్మాను సాలెవారికి అడ్డముగా, హిందువుల మూకలకే ఎదురునిలిచి, తమ ప్రాణములను కూడ పోగొట్టుకొనిరని ఆ ముగ్గురును వ్రాసిరి. ఎత్తుకొనిపోబడిన స్త్రీలను వెదకి తెచ్చుటలోను అనేక హిందువులు సాయపడిరని వ్రాసిరి.

ఆలోచింపుడి. మగ్గము ప్రక్కన మగ్గము వేసికొని, ఒకే నూలు కొని, ఒకే సంతలో బట్ట అమ్మి, ఒకే కరవులో పస్తులుండినవారు వారు. వారికి ఏ సర్కారు తాకీదును రాలేదు. అవతలివాని ఇంటి విలువ ఎంతయో తమ ఇంటిని బట్టి వారికి తెలియును. అటువంటి పొరుగు ఉన్నచోట తలుపు విరుగకముందే కాపు దొరకెను. అది లేనిచోట వెళ్లిపోయినవాడు తిరిగివచ్చినను, ఎవరి మొగము చూచి ఆ వీధిలో కాపురముండును?

కాబట్టి ప్రభుత్వము చేయవలసినది లేదని నేను చెప్పుట లేదు. సామాను ప్రభుత్వమే ఇవ్వవలెను. ఒక కాలిన ఊరిని ఏ పొరుగువాడును ఒంటిగా లేపలేడు. చట్టమును ప్రభుత్వమే చేయవలెను. లేనియెడల బలవంతుడే చట్టమగును. కాని "ఇది ఫలానివాని ఇల్లు, అతని తండ్రి కట్టగా మేము చూచితిమి" అను మాట ఊరినుండి రావలెను. పట్వారీ వ్రాసినది తప్పైనప్పుడు దానిని సరిచేయగల సాక్షులు మీరే.

తాండూరు, వికారాబాదు ఇప్పుడు ఒకే జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా ఏర్పడినది. 1948లో వేరు జిల్లాలుగా ఉండిన ఊళ్ల పాత కథలు ఇప్పుడు ఒకే చోటికి చేరినవి. మీ ఊరిలో తొంబది యేండ్లు దాటిన ముసలివారు ఉన్నయెడల వారి యొద్ద కూర్చుండి అడుగుడి. ఏ ఇల్లు ఎవరిదై ఎవరిదాయెను, ఎవరు పోయి తిరిగిరాలేదు, ఎవరిని ఎవరు దాచిరి అని వినుడి. విన్నదానిని పగకొరకు గాక జ్ఞాపకము కొరకు వ్రాసి ఉంచుడి. మీ వాడలో పట్టా లేక గుడిసెలో ఉన్నవారి పేర్లు నేడే లెక్కలోనికి ఎక్కునట్లు చూడుడి. వరద వచ్చినను, అగ్ని వచ్చినను, దేవుడు తప్పించుగాక, మరల కలతయే వచ్చినను, మొదట మరవబడువారు వారే. వారి ఇంటికి సాక్ష్యము చెప్పు పని ఇల్లు నిలిచియున్న దినములలోనే చేయవలెను.